పెరట్లో మామిడి చెట్టు కొట్టించాలి: ఒకరు 22,000 అంటున్నారు, ఇంకొకరు ఉచితమంటున్నారు

బరంపురం కోడలు

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం, పాత ఇల్లు. పెరట్లో మా మామగారి నాన్నగారు నాటిన నాటు మామిడి చెట్టు ఉంది. మేడ కంటే ఎత్తు. కుట్టుమిషను టేపుతో మొదలు చుట్టూ కొలిస్తే ఏడు అడుగులకు కాస్త తక్కువ వచ్చింది. కొన్నాళ్లుగా పక్కింటి వైపు ఒరుగుతోంది. వాళ్లది రేకుల వంటగది, గోడ వెంబడి కరెంటు తీగ కూడా ఉంది. మొన్నటి వానలకు ఒక పెద్ద కొమ్మ విరిగి ప్రహరీ మీద పడింది. అప్పటి నుంచి పక్కింటివారు ముభావంగా ఉంటున్నారు. వాళ్ల భయం వాళ్లది, తప్పుపట్టలేను.

ముగ్గురిని పిలిచి అడిగాను. మొదటి ఆయన 22,000 అడిగారు. కొట్టడం, తరలించడం, మోడు తవ్వడం అన్నీ ఆయనవే, కలప కూడా ఆయనదే. రెండో ఆయన 9,000 చాలన్నారు, కానీ కొట్టి ముక్కలు చేసి పెరట్లోనే వదిలేస్తారట. మూడో ఆయన రూపాయి వద్దు, కలప ఇచ్చేస్తే రేపే వస్తానన్నారు. మా వారు మూడో ఆయన వైపు. అత్తగారు అసలు చెట్టే ముట్టుకోవద్దంటున్నారు. దసరా లోపు ఏదో ఒకటి తేల్చాలి. తుపాన్ల నెల అక్టోబరు వస్తోందంటే ఈ ఊళ్లో ఎవరికైనా గుండె దడే కదా.

ఒకే చెట్టుకు ఇంత తేడా ఏమిటి? న్యాయమైన ధర ఎంత ఉండాలి?

ఖర్చులెక్క

ఇందులో ఆలోచించేది ఏముంది? మూడో ఆయన్ని పిలవండి. మామిడి దుంగకు గిరాకీ ఉంది, పెట్టెలకు, తలుపులకు వాడతారు. అంత చెట్టుకు మనం ఎదురు డబ్బు ఇవ్వడం ఏమిటి? మా ఛత్రపురం దగ్గర పొలం గట్టు మీది చెట్టు కొట్టిస్తే వాళ్లే నా చేతిలో 5,000 పెట్టి వెళ్లారు.

కోతమిల్లు

ఖర్చులెక్క గారూ, గట్టు మీది చెట్టు వేరు, పెరటి చెట్టు వేరు. పొలంలో చెట్టు ఎటు పడినా అడిగేవారు లేరు. మొదట్లో రంపం పెడితే పూటలో పని అయిపోతుంది. ఆ చెట్టుకు ఖర్చు లేదు, కలప మాత్రం ఉంది. అందుకే మీకు డబ్బు వచ్చింది.

నేను ఇచ్ఛాపురం వైపు కోత మిల్లులో పని చేస్తాను, చెట్లు కొట్టే జట్లతో రోజూ పని. కోడలు గారి చెట్టును మొదట్లో కోసి పడేయడానికి వీల్లేదు, పడడానికి చోటే లేదు. పైనుంచి కిందికి ఒక్కో కొమ్మా దించుకుంటూ రావాలి. మనిషి పైకెక్కి, తాను కూర్చున్న చోటికి పైన ఉన్న గట్టి కవలో (కొమ్మలు చీలే చోట) మోకు వేసి, కోయబోయే కొమ్మకు దాన్ని బిగిస్తాడు. కింద ఇద్దరు మోకును వేరే చెట్టు మొదలుకు రెండు చుట్లు తిప్పి పట్టుకుంటారు. పైవాడు కొమ్మ అడుగున చిన్న గంటు పెట్టి, తర్వాత పైనుంచి కోస్తాడు. అడుగు గంటు లేకపోతే కొమ్మ సగం తెగగానే బరువుకు చీలి, మాను మీది బెరడును మనిషి కాళ్ల దాకా లాక్కుపోతుంది. తెగిన కొమ్మ ఒక్కసారిగా జారకుండా కిందివాళ్లు మోకు కొద్దికొద్దిగా వదులుతారు. రేకుల మీద వాలిన కొమ్మ ఒక్కోటీ ఇలాగే దిగాలి. ధర అంతా ఇక్కడుంది. మీరిచ్చేది కోతకు కాదు, పడనివ్వకుండా ఆపినందుకు.

ఉచితంగా చేస్తానన్న మనిషిని ఒక్క మాట అడగండి: నీ దగ్గర మోకు ఎంత పొడవుంది, పైకి ఎవరెక్కుతారు? జవాబు చెప్పడానికి నీళ్లు నమిలితే పంపించేయండి.

ఖర్చులెక్క

మీరు ఆ పనిలోనే ఉన్నారు కాబట్టి ధర పెంచే చెబుతారు లెండి. అదే చెట్టు కలపను మీ మిల్లు ఎంతకు కొంటుందో అది కూడా చెప్పండి.

కోతమిల్లు

చెబుతాను, దాచేదేముంది. దుంగ మధ్యలో చుట్టుకొలత తీసి, దాన్ని నాలుగో వంతు చేసి, ఆ అంకెను ఆ అంకెతోనే గుణించి, పొడవుతో గుణిస్తాం. కోడలు గారి మానుకు మధ్యలో ఆరు అడుగులు, మొదటి కవ దాకా పది అడుగులు అనుకుందాం. ఆరులో నాలుగో వంతు ఒకటిన్నర. ఒకటిన్నర ఇంటూ ఒకటిన్నర రెండుంపావు, పదితో గుణిస్తే 22.5 ఘనపుటడుగులు. అసలు ఘనపరిమాణం ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. ఈ పద్ధతిలో వచ్చేది అందులో 78.5 శాతం. మిగతాది బెరడు, పొట్టు, తరుగు కింద మిల్లు వదిలేయించుకుంటుంది. అమ్మేవారు ఇది తెలుసుకోవాలి.

నాటు మామిడి దుంగకు మా దగ్గర ఈ మధ్య ఘనపుటడుగు 250 నుంచి 350 పలుకుతోంది. 300 చొప్పున చూస్తే 6,750 రూపాయలు. కొమ్మలు వంటచెరకు కింద మరో రెండు వేలు. పనస అయితే కథే మారేది. బొబ్బిలి వైపు ఒకే దుంగలో తొలిచే వీణలకు పనసే కావాలి, మంచి మాను దొరికితే ఎగబడి కొంటారు. మామిడికి ఆ భాగ్యం లేదు.

ఇప్పుడు ఆ 22,000 మాట. కలప కూడా ఆయనకే పోతుంది కాబట్టి ఆయన నిజంగా తీసుకునేది దాదాపు 30,000. అది ఎక్కువే. 9,000 వారి ధరలో తరలింపు లేదు, మోడు లేదు. ట్రాక్టరు కిరాయి 3,000, దుంగ గేటు దాకా దొర్లించడానికి కూలీలకు 2,400, మోడుకు 3,500 కలిపితే 17,900 అవుతుంది. అందులో కలప, వంటచెరకు డబ్బు తీసేస్తే చేతి నుంచి పోయేది తొమ్మిది వేల పైచిలుకు. ఈ లెక్క కలప గట్టిగా ఉంటేనే. పుచ్చు ఉంటే మొత్తం తారుమారు.

ఉద్దానం రైతుబిడ్డ

కోతమిల్లు గారి లెక్కకు ఒకటి కలుపుతాను: నెల. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమయ్యాయి. మీ ఒడిశాలోని గజపతి జిల్లాలో కొండవాలు ఊళ్లు ఎంత నష్టపోయాయో మీకు తెలుసు. ఆ తర్వాత కొన్ని వారాలు మోటారు రంపం చేతిలో ఉన్నవాడే రాజు. రోడ్డుకు అడ్డం పడిన చెట్లకే మనుషులు చాలలేదు. ఇక పెరట్లో సగం విరిగి వేలాడే కొమ్మ గురించి పట్టించుకునేదెవరు? మామూలు రోజుల్లో నాలుగు వేల పనికి పది వేలు అడిగినా బేరం లేకుండా ఇచ్చారు.

బరంపురం వాళ్లు అయితే 2013 చూసినవాళ్లే. ఫైలిన్ అక్టోబరు 12న గోపాలపురం దగ్గరే తీరం దాటింది. పని వాయిదా వేయకండి. అన్నట్టు, మీ గంజాం జిల్లాలో చెట్టెక్కే కుర్రాళ్లు దొరకకపోవడానికి ఒక కారణం సూరత్. ఊళ్లకు ఊళ్లు మగ్గాల పనికి అక్కడే ఉన్నాయి. అందుకే మా వైపు జట్లు మీ దగ్గరకు వస్తున్నాయి. ఆ మనుషుల రానుపోను ఖర్చు, భోజనం కూడా మీ ధరలో కలిసి ఉంటాయి.

పచ్చచెట్టు

జయపురం నుంచి. అందరూ కొట్టడానికి ధర చెబుతున్నారు, కొట్టాలా వద్దా అని ఒక్కరూ అడగలేదు. ఒరిగిన ప్రతి చెట్టూ పడిపోదు. ఎండ కోసం ఒక పక్కకు పెరిగిన చెట్టు ఏళ్ల తరబడి అలాగే నిలుస్తుంది. భయపడాల్సింది కొత్తగా ఒరిగిన చెట్టుకు. ఒరుగుకు ఎదురు వైపు నేల పగిలిందా, వేళ్లు లేచాయా చూడండి. మొదట్లో అర్ధచంద్రాకారంలో గట్టి పుట్టగొడుగులు వచ్చాయా, బెరడు మీద రంధ్రాల నుంచి పొట్టు రాలుతోందా చూడండి. పొట్టు రాలితే కాండం తొలిచే పురుగు ఉన్నట్టు. మానును సుత్తితో చుట్టూ తట్టండి, ఎక్కడ డొల్ల శబ్దం వస్తే అక్కడ లోపల తొర్ర ఉంది.

ఇవేవీ లేకపోతే పక్కింటి వైపు కొమ్మలు తగ్గిస్తే చాలు. కొట్టడంలో సగం ఖర్చు కూడా కాదు. కాయలు అయిపోయాక, వానాకాలం మొదట్లో చేయాల్సిన పని అది. ఇప్పటికే ఆలస్యం, అయినా ఫరవాలేదు. ఒకటే హెచ్చరిక: తల మొత్తం నరికి మోడులా వదిలేయనివ్వకండి. అక్కడి నుంచి గుబురుగా వచ్చే చిగుళ్లు మానుకు గట్టిగా అతుక్కోవు. మూడేళ్లలో అవే పెద్ద కొమ్మలై ముందుగా విరుగుతాయి. చవకగా అయిందని సంబరపడి మళ్లీ డబ్బు పెట్టే పని.

పర్లాకిమిడి పంతులు

కోడలు గారికి ఆశీస్సులు. అత్తగారి మాట తీసిపారేయకండి. ఆవిడ చేతి ఆవకాయకు ఆ చెట్టు కాయలే కదా. మా వైపు చెట్టు కొట్టేముందు మొదట్లో పసుపు, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ చెట్టు మీద ఉన్న పక్షులు, పురుగులు వేరే చోటు చూసుకోమని చెప్పడం ఆచారం. నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. దాని వల్ల ఎవరైనా గూళ్ల కోసం పైకి చూస్తారు. గుడ్లున్న గూడు ఉంటే పని ఆపండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న పక్షుల గూళ్లు, గుడ్లు పాడుచేయడం నేరం.

వేప అయి ఉంటే అత్తగారు అసలు ఒప్పుకునేవారు కారు, ఆవిడకు ఊరంతా తోడు నిలిచేది. పూరీ జగన్నాథుడి దారువు వేపే కదా. 2015 నవకళేబరం (జగన్నాథుడి పాత విగ్రహాల స్థానంలో కొత్త దారువుతో చేసినవి పెట్టే ఉత్సవం) నాటి సందడి మా పర్లాకిమిడి దాకా వచ్చింది. ఎవరి పెరట్లో వేప మాను మీద శంఖం గుర్తు కనిపించినా జనం చేరిపోయేవారు.

ఇక కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒడిశాలో కలప రవాణాకు 1980 నాటి నియమాలు ఉన్నాయి. టేకు, శిశు మాను, గంధం వంటి వాటి విషయంలో అటవీ శాఖ అనుమతి లేకుండా రంపం పెట్టకూడదు. ఇంటి మామిడికి ఏం కావాలో మీ అటవీ రేంజ్ ఆఫీసులో ముందే అడిగి, చెప్పిన మాట కాగితం మీద తీసుకోండి. భూలేఖ్ (ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైటు) నుంచి పట్టా నకలు, చెట్టు ఫొటో వెంట తీసుకెళ్తే పని తొందరగా అవుతుంది. ఊరి పరిధిలో ఉన్నారు కాబట్టి పురపాలక కార్యాలయంలోనూ ఒక మాట వేయండి.

కోతమిల్లు

పంతులు గారు మంచి మాట ఎత్తారు. ఇంకో మెలిక ఉంది. బరంపురం కంటే మా వైపు ధర నచ్చి దుంగలు ఇచ్ఛాపురానికి పంపిద్దామనుకునేవారు ఉన్నారు. అది రాష్ట్రం దాటే రవాణా. అక్కడ 1980 నియమాలు, ఇక్కడ ఆంధ్రప్రదేశ్‌వి 1970 నియమాలు. రవాణా అనుమతి పత్రం లేకుండా దుంగ ట్రాక్టరు ఎక్కితే మధ్యలో ఎక్కడ ఆపినా జవాబు చెప్పాల్సింది మీరే. 2023 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ ఒకే రవాణా పాసు విధానం ఆన్‌లైన్‌లో పెట్టింది, దాని గురించి కూడా రేంజ్ ఆఫీసులోనే అడగండి. ఇరవై రెండు ఘనపుటడుగుల దుంగ కోసం ఇంత తిరుగుడు ఎందుకంటారా, అందుకే నేను స్థానిక కలప అడితికే ఇచ్చేయమంటాను.

గుణుపురం గుమాస్తా

నేను బీమా పని చేస్తాను కాబట్టి ఆ వైపు నుంచి ఒక మాట. ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ ఉందా? 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా సంస్థలన్నీ ఒకే రకంగా అమ్ముతున్న పాలసీ ఇది. తుపాను నష్టం, చెట్టు వంటిది బయటి నుంచి వచ్చి పడడం వల్ల ఇంటికి జరిగే నష్టం ఇందులో ఉంటాయి. నష్టం జరిగాక శిథిలాలు తొలగించే ఖర్చు కూడా క్లెయిము మొత్తంలో 2 శాతం దాకా వస్తుంది. కానీ పడకముందే భయపడి చెట్టు కొట్టిస్తే ఆ ఖర్చు ఎవరూ ఇవ్వరు. మీ చెట్టు పక్కింటి మీద పడితే మీ ఇంటి పాలసీ వాళ్ల వంటగదిని కట్టించదు, అది గుర్తుంచుకోండి.

ఇంకొకటి, పైకెక్కే మనిషికి ఏమైనా జరిగితే? కనీసం ప్రధానమంత్రి సురక్ష బీమా ఉందా అని అడగండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు. బ్యాంకు ఖాతా ఉన్నవాడికి ఇది పెద్ద పని కాదు. కొబ్బరి చెట్లెక్కేవారికైతే కొబ్బరి అభివృద్ధి మండలి వారి కేర సురక్ష పథకం వేరే ఉంది.

ఖర్చులెక్క

బీమా, పాసు, పసుపు కుంకుమ. ఇన్ని చేసే లోపు చెట్టే ముసలిదై పడిపోతుంది.

ఉద్దానం రైతుబిడ్డ

పడిపోతే ఎవరి మీద పడుతుందన్నదే కదా మొదటి నుంచీ మాట్లాడుతున్నది, అన్నగారూ!

బరంపురం కోడలు

అందరికీ ధన్యవాదాలు. పచ్చచెట్టు గారు చెప్పినట్టు మా వారు సుత్తి పట్టుకుని మాను చుట్టూ తట్టారు. మా వైపు గట్టిగానే పలికింది. గోడ వైపు, మోకాలి ఎత్తు నుంచి నడుము దాకా మద్దెల మోగినట్టు మోగింది. అక్కడే బెరడు సందులో చెయ్యి పెడితే తడి పొట్టు వచ్చింది, నల్లగా, పుల్లటి వాసన. ఒక ఇనుప చువ్వ దూరిస్తే మూర పొడవు అడ్డు లేకుండా లోపలికి పోయింది. దాంతో అత్తగారు కూడా మౌనంగా లోపలికి వెళ్లిపోయారు. కొట్టక తప్పదు.

ఉచితం అన్న ఆయనకు ఫోను చేసి తొర్ర ఉందని చెప్పాను. ఆ తర్వాత ఫోను ఎత్తడం లేదు.

కోతమిల్లు

ఎత్తడు. ఆయన లెక్కలో ఉన్నది దుంగ ఒక్కటే, అది పోయింది.

తొర్ర ఉందన్న మాట 9,000 వారికి కూడా ముందే చెప్పండి. దాచకండి. పైకెక్కే మనిషికి అది ప్రాణం సంగతి. తొర్ర మానుకు మామూలు పద్ధతి పనికిరాదు. చివర్లో మాను పడగొట్టేటప్పుడు పడాల్సిన వైపు గంటు పెడతాం, లోతు మూడో వంతు దాటనివ్వం. వెనుక నుంచి కోస్తూ మధ్యలో కొంత నార వదిలేస్తాం. ఆ నారే తలుపు బందులా పట్టి మానును అనుకున్న వైపు వాల్చుతుంది. తొర్ర ఉన్న చోట ఆ నారే ఉండదు, ఎటు తిరుగుతుందో తెలియదు. అందుకని తొర్ర పై భాగంలోనే కోసి, మిగిలిన మొదలును అంచెలుగా తీయాలి. అదీగాక ఒరిగిన మానును వెనుక నుంచి తొందరపడి కోస్తే నిలువునా చీలి, చీలిన సగం వెనక్కి ఎగిసి రంపం పట్టినవాడి ఛాతీకి తగులుతుంది. ఈ పనిలో చేయి తిరిగినవాళ్లు కూడా అలా పోయారు.

ఇంకో చిన్న సంగతి. మీ చెట్టు మీద ఆకులు కుట్టిన చీమగూళ్లు ఉన్నాయా? మామిడి మీద తరచూ ఉంటాయి. ముందురోజు వెదురు గడతో వాటిని దించమనండి. పైన రెండు చేతులూ పనిలో ఉన్నవాడిని ఎర్రచీమలు కుడితే మోకు వదిలేస్తాడు.

పర్లాకిమిడి పంతులు

ఆ చీమలను పారేయకుండా మయూర్‌భంజ్ పంపించండి. అక్కడి చీమల చట్నీకి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మీ చెట్టుకు కలప ధర పోయినా చీమల ధర మిగులుతుంది.

పచ్చచెట్టు

కొట్టమని నేనే చెప్పాల్సి వచ్చింది, సరే. కరెంటు తీగ సంగతి మరిచిపోకండి. కొమ్మలు దించే రోజు ఆ లైను ఆపమని స్థానిక కరెంటు ఆఫీసులో ముందుగా అర్జీ ఇవ్వాలి. ఫోనులో చెప్పి ఊరుకోకండి. పచ్చి కొమ్మలో సగం దాకా నీరే, తీగకు తగిలితే కరెంటు పారుతుంది. తీగ ఆపారని మీరు అనుకోవడం కాదు, లైన్‌మన్ వచ్చి చెప్పాకే పైకి ఎక్కాలి.

నాగావళి

కొత్తగా చేరాను, రాయగడ. ఇదే చర్చలో అడగవచ్చా? మాకు ఇంటి వెనుక రెండు కొబ్బరి చెట్లు. ఒకటి సెప్టిక్ ట్యాంకు పక్కనే. ఇంకో దాని మొదట్లో నుంచి ఎర్రటి బంక కారుతోంది, కింది మట్టలు వాలిపోయాయి. రెంటినీ కొట్టేయడానికి చెరొక 3,000 అడుగుతున్నారు. ఎక్కువా?

ఉద్దానం రైతుబిడ్డ

ఎక్కువేమీ కాదు, ఇల్లు దగ్గరగా ఉంటే. కొబ్బరి కొట్టడం మామిడి కంటే సులువు, కొమ్మలు ఉండవు. మొవ్వు నరికేసి, మానును మూడు నాలుగు అడుగుల ముక్కలుగా పైనుంచి దించుకుంటూ వస్తారు. మళ్లీ చిగురిస్తుందన్న భయం లేదు. దానికి ఉన్న ఒకే ఒక మొలక మొవ్వులోనే, అది పోతే చెట్టు పోయినట్టే. వేప, కానుగ, చింత అయితే మోడు నుంచి మళ్లీ వస్తాయి.

బంక కారే చెట్టుది గానోడెర్మా తెగులు కావచ్చు, మా ఉద్దానంలో దీన్ని బాగా ఎరుగుదుం. అది నేలలోంచి వేళ్ల గుండా పక్క చెట్టుకు పాకుతుంది. అలాంటి చెట్టును కొట్టి మొదలు వదిలేస్తే లాభం లేదు, వేళ్లతో సహా తవ్వి కాల్చాలి. ఆ గుంటలో వెంటనే ఇంకో కొబ్బరి పెట్టకండి. సెప్టిక్ ట్యాంకు పక్క చెట్టుకు మాత్రం జేసీబీ పెట్టనివ్వొద్దు, ట్యాంకు గోడ పగిలితే మూడు వేల పని ముప్పై వేలకు పోతుంది. నేల మట్టానికి కోసి వదిలేస్తే చాలు, కొబ్బరి వేరు లావెక్కదు, అక్కడే కుళ్లిపోతుంది.

ముఖ్యమైనది ఇంకొకటి. కొట్టిన కొబ్బరి మొద్దులను పెరటి మూల పడేయకండి. కుళ్లిన కొబ్బరి మానులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. మీ వీధిలో మిగిలిన చెట్ల మట్టలు కత్తెరతో కోసినట్టు గాట్లు పడుతున్నాయంటే ఎక్కడో అలాంటి మొద్దు ఉండవచ్చు. చీల్చి ఎండబెట్టి పొయ్యిలో పెట్టేయండి.

ఖర్చులెక్క

కొబ్బరి మానుకు ఎవరూ పైసా ఇవ్వరు. అంత మాత్రం నేనూ ఒప్పుకుంటాను. ఇదివరకు దూలాలకు వేసేవారు, ఇప్పుడు ఎవరడుగుతున్నారు?

గుణుపురం గుమాస్తా

పశువుల పాకలకు మా వైపు ఇంకా వేస్తున్నారు. ముదిరిన మాను మొదటి పది పన్నెండు అడుగులు గట్టిగా ఉంటుంది. నాగావళి గారూ, బంక కారనిది అయితే అడిగి చూడండి, తరలించే ఖర్చైనా తగ్గుతుంది.

బరంపురం కోడలు

పని అయిపోయింది, లెక్క చెప్పడం మర్యాద అనిపించింది. మొదటి ఆయన 22,000 నుంచి దిగలేదు. 9,000 అన్న ఆయన తొర్ర చూసి, నిజాయితీగా తన దగ్గర అంత సరంజామా లేదని, సోంపేట వైపు జట్టు నంబరు ఇచ్చారు. వాళ్లు పైకెక్కి చూసి 12,000 అన్నారు, దాంతో మోడు నేల మట్టానికి కోయడం కూడా. ట్రాక్టరుకు 3,000. భోజనాలు, టీలకు 600. మొత్తం 15,600.

తిరిగి వచ్చింది: వంటచెరకుకు 2,000. తొర్ర పైన ఆరు అడుగుల దుంగ గట్టిగా ఉంది, మధ్యలో ఐదు అడుగుల చుట్టు. కోతమిల్లు గారి పద్ధతిలో ఇంట్లోనే లెక్క వేసుకుని అడితికి వెళ్లాను. అడితి ఆయన ఎనిమిది అడుగులు అన్నారు, నేను 9.375 అన్నాను. టేపు మళ్లీ తీయించాను. అడుగు 280 చొప్పున 2,625 ఇచ్చారు. అంటే మా చేతి నుంచి పోయింది 10,975.

మోడు తవ్వించలేదు. జేసీబీ మా సందులోకి రాదు, మనుషులతో తవ్వితే ప్రహరీ పునాది కదులుతుందన్నారు. ఇప్పుడు దానికి చెదలు పడితే ఇంటికి పాకుతాయా?

కోతమిల్లు

గోడకు ఆనుకుని ఉంది కాబట్టి పాకే అవకాశం ఉంది. మోడు పైన అడ్డంగా, నిలువుగా గాట్లు పెట్టించి, పేడ కలిపిన మట్టి కప్పి ఎప్పుడూ తడిగా ఉంచండి. తొందరగా మెత్తబడుతుంది, అప్పుడు గునపంతో ముక్కలుగా వచ్చేస్తుంది. పిలకలు వేస్తే గిల్లేయండి. గోడ మీద మట్టి గొట్టాలు కనిపిస్తున్నాయేమో నెలకోసారి చూస్తుండండి. డీజిలు పోయమని, ఆసిడ్ పోయమని చెప్పేవాళ్లుంటారు. వినకండి, మీ బావి ఆ పక్కనే ఉందేమో చూసుకోండి.

అడితిలో టేపు మళ్లీ తీయించారంటే మీకు ఇక ఎవరి సలహా అక్కర్లేదు.

నాగావళి

ఉద్దానం అన్నగారూ, మీ జట్టు రాయగడ దాకా వస్తుందా? రానుపోను ఖర్చు మీరే చెప్పేయండి, బేరం ఆడను.

ఉద్దానం రైతుబిడ్డ

రెండు కొబ్బరి చెట్లకు అంత దూరం రారండీ, వచ్చినా మీకు గిట్టుబాటు కాదు. పార్వతీపురం వైపు అడగండి, మీకు అదే దగ్గర. బంక కారే చెట్టును మాత్రం రెండోదిగా కొట్టించండి. దాన్ని కోసిన రంపం, కత్తి శుభ్రం చేయకుండా మంచి చెట్టుకు పెట్టనివ్వకండి.